చెన్నపురిలో ఒక తెలుగు ఇల్లు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితము

మన చందాపురము నాలుగు భాషలు కలియు చోటు. హోసూరు మార్గమున బస్సు దిగినవారికి మొదట వినబడునది కన్నడము. సంతలోనికి పోయినచో అరవము, ఉర్దూ వినవచ్చును. ఇంటిలోపల అడుగిడినప్పుడు మాత్రము మనలో చాలమందికి తెలుగే. ఇట్టి చోట తెలుగు బడి నడచుచున్నదనిన, చదువు చెప్పుటతో దాని పని తీరదు. పిల్లలతోపాటు వారి తల్లులు, అక్కలు, అవ్వలు కూడ ఏదో యొక దినమున ఆ వాకిటికి వచ్చి నిలుతురు.

ఒక సంవత్సరము బడి తెరచిన దినములలో తన కుమార్తెను ఎనిమిదవ తరగతిలో చేర్చుటకు వచ్చిన ఒక తల్లి, దరఖాస్తుమీద సంతకము చేయవలసి వచ్చినప్పుడు బొటనవ్రేలు చూపినది. చిన్ననాడు ఐదవ తరగతి వరకు తెలుగు చదివినదట. మానివేసి ఇరువదియేండ్లు దాటుటచే అక్షరములు చేయి విడిచినవట. బొమ్మసంద్ర కర్మాగారములలో పనికి పోవుచున్నది. తనవంటివారికి మరల చదువు చెప్పువారెవరైన కలరా యని సిగ్గుతో నవ్వుచు అడిగినది. మేము వెంటనే ఏమియు చెప్పలేకపోతిమి. పొరుగు రాష్ట్రమున పండిత శిక్షణ పొందిన దినములలో మేము పిల్లలకు చదువు చెప్పు పద్ధతులే నేర్చితిమి గాని ఆమె వంటివారినిగూర్చి మాకెవరును చెప్పలేదు.

తరువాత గుర్తుకు వచ్చినది. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు చెన్నపట్టణమున ఒక తెలుగు స్త్రీ 1937 లోనే సమాధానము కనుగొనెను. పరభాషా ప్రాంతమున తెలుగువారి కొరకు తెరచిన ఇల్లు అది. ఆమె పేరు దుర్గాబాయి. మన పాఠ్యపుస్తకములలో ఆమెను గూర్చి నాలుగు వాక్యములు మించి యుండవు. కనుక ఈ సంచికలో ఆమె కథ కొంచెము విపులముగా వ్రాయదలచితిమి.

దుర్గాబాయి 1909 వ సంవత్సరము జూలై 15 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఆమె పెరిగినది కాకినాడలో. తండ్రికి ధనము లేదు గాని పరోపకారబుద్ధి మెండు. ఊరిలో కలరా, ప్లేగు చెలరేగినప్పుడు ఇంటివారే రోగిని విడిచి పారిపోవుచుండగా ఆయన పోయి ఉపచారము చేయుచుండెడివాడు. పసివారైన కుమార్తెను, కుమారుని వెంటబెట్టుకొని శ్మశానమునకు, మసీదునకు, చర్చికి కూడ కొనిపోవుచుండెను. పిల్లలకు చావనిన భయము, ఇతరుల మతమనిన వెరపు ఉండరాదని ఆయన తలంపు. నేటి తల్లిదండ్రులలో ఇట్లు చేయువారెందరుందురో మేమెరుగము. దుర్గాబాయికి మాత్రము సేవ యనునది పుస్తకములలో చదివి నేర్చుకొనవలసినది కాకపోయెను.

అట్టి తండ్రియే ఆనాటి ఆచారమునకు లోబడి కుమార్తెకు ఎనిమిదవ యేటనే వివాహము చేసెను. ఈ రెంటికిని పొంతన కుదరదని చదువరులకు తోచవచ్చును. కుదరదు కూడ. మంచివారు సైతము తమ కాలపు గోడలను ఒక్కసారిగా దాటలేకపోయిరి. అయితే పదునైదేండ్ల ప్రాయము వచ్చి, కాపురమునకు పోవలసిన వేళ ఆ బాలిక తనకు ఆ జీవితము వలదని నిశ్చయించుకొనగా తండ్రియు సోదరుడును ఆమె పక్షముననే నిలిచిరి. పెండ్లికుమారుని మీద ఆమెకు కోపము లేదు. ఆయనకే ఆ విషయము నచ్చజెప్పి, వేరొకరిని పెండ్లాడి సుఖముగా నుండుమని కోరెను. అనేక సంవత్సరముల తరువాత ఆయన గతించి, ఆయన భార్య దిక్కులేక యున్నప్పుడు ఆమెకు పని నేర్పించి నిలదొక్కుకొనునట్లు చేసినది దుర్గాబాయమ్మయే. లోకములో ఇట్టి బంధుత్వమునకు పేరు లేదు.

ఆమె బాల్యములోని రెండు సంగతులు తెలుగుదేశమంతట చెప్పుకొనునట్టివి. మొదటిది 1921 లో జరిగినది. గాంధి మహాత్ముడు కాకినాడకు వచ్చుచున్నాడని తెలియగా, పండ్రెండేండ్లయినను సరిగా నిండని దుర్గకు ఒక కోరిక కలిగెను. ఊరిలోని దేవదాసీలు, ఘోషా పాటించు ముస్లిము స్త్రీలు ఆయనను చూడవలెను, ఆయన మాట వినవలెను. పెద్దలకు చెప్పగా వారు నవ్విరి. మహాత్మునకు ఐదువేల రూపాయల నిధి సమర్పించినచో ఐదు నిమిషములు ఇప్పింతుమని పరిహాసముగా నొక షరతు పెట్టిరి. ఐదువేలనిన ఆ కాలమున సామాన్యమైన మొత్తము కాదు. దుర్గ పోయి ఆ స్త్రీలతో చెప్పెను. వారము తిరుగకమునుపే సొమ్ము సిద్ధమయ్యెను.

ఇక సభకు చోటు కావలెను. దేవదాసీలు కూడు సభకు స్థలమిచ్చువారెవరు? ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుని ఆమె అడుగగా ఆయన తన పాఠశాల ఆవరణమును ఇచ్చెను. (ఉపాధ్యాయ వృత్తిలోని వారమగుటచే ఈ సంగతి చెప్పునప్పుడు మాకు కొంత గర్వము కలుగక మానదు.) పట్టణసభకు పోవు దారిలో గాంధీజీ అచట ఆగెను. ఐదు నిమిషములు అరగంటకు మించెను. ఆ స్త్రీలు తమ ఒంటిమీది గాజులు, గొలుసులు తీసి ఆయన ముందుంచిరి. మొత్తము విలువ ఇరువదియైదు వేలకు చేరెనని చెప్పుదురు. ఆయన హిందూస్థానీ మాటలను దుర్గ తెలుగు చేసెను. ఆ అనువాదము ఆయనకెంత నచ్చెననగా, తరువాతి మహాసభలో కొండ వెంకటప్పయ్య పంతులుగారు అనువదించుటకు సిద్ధముగా నున్నను ఈ బాలికనే పిలిచి చెప్పించెను. ఆ దినమే ఆమె తన బంగారు గాజులు కూడ నిధికిచ్చివేసెను. ఆ పిమ్మట ఇంటిలోని విదేశీ వస్త్రములు అగ్నిపాలయ్యెను.

ఆమెకు హిందీ యెట్లు వచ్చినదని మీరు అడుగవచ్చును. ఇంటివద్దనే నేర్చుకొనెను. ఆంగ్లము బోధించు బడిని విడిచివచ్చి, తాను నేర్చిన హిందీని ఊరిలోని స్త్రీలకు నేర్పుటకు బాలికా హిందీ పాఠశాల తెరచెను. తల్లి కృష్ణవేణమ్మ తోడు నిలిచెను. ఆ పాఠశాలలో నూలు వడకుట కూడ నేర్పిరి. దానిని చూడవచ్చిన జమ్నాలాల్ బజాజ్ వంటి పెద్దలు, గౌను తొడిగిన పిల్లయే ఆ బడికి ఉపాధ్యాయిని యని తెలిసికొని ఆశ్చర్యపడిరి.

రెండవ సంగతి 1923 నాటిది. కాకినాడ కాంగ్రెసు మహాసభలలో ఖాదీ ప్రదర్శనము ద్వారమున దుర్గ స్వచ్ఛంద సేవికగా నిలిచియుండెను. రెండణాల టిక్కెట్టు లేనిదే ఎవరిని లోనికి విడువరాదని ఆమెకు చెప్పిరి. వచ్చినవారిలో జవహర్‌లాల్ నెహ్రూ ఒకడు. ఆయన చేతిలో టిక్కెట్టు లేదు. ఆమె అడ్డగించెను. నిర్వాహకులు పరుగున వచ్చి మందలించిరి, కాని ఆమె కదలలేదు. చివరకు వారే టిక్కెట్టు కొని తెచ్చి ఆయన చేత పెట్టగా త్రోవ యిచ్చెను. ఈ కథను పిల్లలకు చెప్పునప్పుడు అందరును ఆ బాలిక ధైర్యమునే మెచ్చుకొందురు. మాకు మాత్రము మరియొకటి తోచును. పండిట్‌జీ కోపగించుకొనలేదు. అట్లు కోపగించుకొననివారు ఉన్నప్పుడే అట్టి ద్వారపాలకులు నిలువగలరు.

1930 లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. దుర్గాబాయమ్మ చెన్నపట్టణమునకు పోయి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పక్కన పనిచేసిరి. నాయకులను ఒక్కొక్కరిని బంధించుచుండగా సత్యాగ్రహ శిబిరపు భారము ఇరువదియొక్క యేండ్లయినను నిండని ఆమె మీద పడెను. ఆమెను కూడ బంధించి వేలూరు చెరసాలకు పంపిరి. 1930 నుండి 1933 వరకు మూడు పర్యాయములు ఆమె కారాగార శిక్ష అనుభవించిరి. మధుర జైలులో ఉరిశిక్ష పడిన ఖైదీల గదుల చెంత ఏకాంతవాసముంచిరి. ఆ దినములు ఆమె ఆరోగ్యమును దెబ్బతీసెను.

కాని ఆమె జీవితమున మలుపు వచ్చినది కూడ ఆ చెరసాలలోనే. అచట హత్యానేరము మోపబడిన స్త్రీలతో ఆమె మాటలాడిరి. వారిలో అనేకులకు తాము చేసిన నేరమేమో, తమకు చట్టములో నున్న రక్షణ యేమో తెలియదు. చదువు లేదు, తమ పక్షమున మాటలాడు వకీలు లేడు. చేయని నేరమునకు శిక్ష అనుభవించుచున్నవారు కూడ అందు కలరని ఆమెకు తోచెను. బయటకు వచ్చిన పిదప రాజకీయములు విడిచి చదువుకొనవలెనని, ముఖ్యముగా న్యాయశాస్త్రము చదివి అట్టి స్త్రీలకు ఊరక సాయపడవలెనని నిశ్చయించుకొనిరి.

అప్పటికామెకు పాఠశాల చదువు పూర్తికాలేదు. ఇరువది దాటిన వయస్సులో పిల్లల తరగతిలో పోయి కూర్చుండుట సాధ్యము కాదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమువారు మెట్రిక్యులేషను పరీక్షకు స్వయముగా చదివినవారిని అనుమతించుచుండిరి. ఆమె ఇంటివద్ద చదివి ఆ పరీక్షలో నెగ్గిరి. పిదప ఇంటర్మీడియేటు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమున బి. ఏ. ఆనర్సు. అచట చేరబోవగా ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు స్త్రీలకు వసతిగృహము లేదను కారణము చెప్పిరి. దానికామె పత్రికలో ప్రకటన వేయించి, చదువుకొనగోరి చోటులేక ఆగియున్న మరికొందరు యువతులను కూడగట్టి, తామే ఒక వసతిగృహము నడుపుకొందుమని పోయి నిలిచిరి. రెడ్డిగారు చేర్చుకొనిరి. లండనులో చదువుటకు విద్యార్థివేతనము లభించినను 1939 లో యుద్ధము వచ్చి ఆ ప్రయాణము ఆగిపోయెను. చెన్నపట్టణముననే న్యాయశాస్త్రము చదివి పట్టము పొంది ఉన్నత న్యాయస్థానమున న్యాయవాదియైరి.

ఇక ఆంధ్ర మహిళా సభ కథ. చెన్నపట్టణమున మైలాపూరులోని తమ ఇంటియొద్ద ఆమె మొదట చేర్చినది చుట్టుపట్లనున్న చిన్నపిల్లలను. ఆటలు, పాటలు, కొంత హిందీ, కొంత నాటకము. ఆ బాలబాలికల బృందమునకు బృందావనము పేరు పెట్టిరి. పిల్లలను విడువవచ్చిన తల్లులు, పిన్నమ్మలు వాకిట నిలిచి చూచుచుండిరి. వారిలో బాల్యముననే వితంతువులైనవారు కలరు, భర్త విడిచినవారు కలరు, చదువు సగములో నిలిచినవారు కలరు. వారి చూపులనుండియే సభ పుట్టెనని చెప్పవచ్చును. 1937 లో ఆంధ్ర మహిళా సభ ఏర్పడెను.

అప్పటి చెన్నపట్టణమున తెలుగువారి సంఖ్య తక్కువ కాదు. రాజధాని నగరమగుటచే ఉద్యోగములకు, వ్యాపారములకు, కోర్టు పనులకు, చలనచిత్రముల కొరకు వచ్చి స్థిరపడినవారు వేలకొలది యుండిరి. పురుషులకు కచేరియో దుకాణమో కలదు. నలుగురు మనుష్యుల పరిచయము కలదు. స్త్రీలకు మాత్రము ఇంటి గోడలే. వీధిలోని భాష రాదు, వచ్చిన భాషలో చదువు లేదు. ఈ స్థితి మనకు క్రొత్తది కాదు. అత్తిబెలె మొదలు ఎలక్ట్రానిక్ సిటీ వరకు మన తెలుగు కుటుంబములలో నేటికిని దీనిని చూడవచ్చును.

తాను నడచివచ్చిన త్రోవనే దుర్గాబాయమ్మ వారికి చూపిరి. పది సంవత్సరములు బడిలో కూర్చుండలేని పెద్దవయస్సు స్త్రీని రెండు సంవత్సరములలో కాశీ మెట్రిక్యులేషనుకు సిద్ధపరచవచ్చునని ఆమెకు స్వానుభవమున తెలియును. పెద్దవారికి లోకజ్ఞానము కలదు. గణితమున వడ్డీలెక్క చెప్పినచో వెంటనే పట్టుకొందురు, ఏలయన అది వారి ఇంటిలో జరుగుచున్నదే. చిన్నపిల్లకు మూడేండ్లలో చెప్పు పాఠమును వారికి ఆరునెలలలో చెప్పవచ్చును. కావలసినది పాఠములను కుదించుట, ఉదయపు వంట ముగిసి సాయంత్రపు వంట మొదలగులోపల తరగతి నడుపుట, ఊరినుండి వచ్చినవారికి తల దాచుకొన చోటిచ్చుట. చదువుతోపాటు కుట్టుపని, చేతిపనులు నేర్పిరి. పరీక్ష నెగ్గినవారు ఉపాధ్యాయినులై, దాదులై జీవనోపాధి సంపాదించుకొనిరి. ఆంధ్ర మహిళ యను పత్రికను కూడ ఆమె సంపాదకత్వమున నడిపిరి.

సొమ్ము ఎచటినుండి వచ్చినదని అడుగవలసియున్నది. సేవాసంస్థల చరిత్రలలో ఈ భాగమునే ఎవ్వరును వ్రాయరు. ఆమె ఇంటింటికి తిరిగి అడిగిరి. జమీందారులను, వర్తకులను, చలనచిత్రములవారిని అడిగిరి. నాటకములు వేయించి టిక్కెట్లు అమ్మించిరి. యాచించుటలో ఆమెకు సిగ్గు లేకుండెను. అందులకు కారణము కాకినాడలో దేవదాసీల యొద్ద సేకరించిన ఐదువేల రూపాయలే యని మా ఊహ. అడిగినచో ఇత్తురని, ఎవరు ఎక్కువ ఇత్తురని తలపమో వారే ఎక్కువ ఇత్తురని ఆమె చిన్ననాడే చూచియుండిరి.

తమ జనులు పరాయి ఊరిలో చిక్కువడినప్పుడు ఆ జనులలోనివారే ముందుకు వచ్చి ఇట్టి సంస్థలను కట్టుకొనుట ప్రపంచమున ఇతర చోట్ల కూడ జరిగినది. లండను నగరమున యూదులు తమలోని బీదలకు, వలసవచ్చినవారికి తోడ్పడుటకు 1859 లోనే ఒక సంరక్షక మండలి నేర్పరచుకొనిరి. జర్మనీలో బెర్తా పాపెన్‌హైమ్ అను యూదు వనిత 1904 లో యూదు స్త్రీల సమాఖ్యను స్థాపించి, 1907 లో ఫ్రాంక్‌ఫర్టు సమీపమున నొయ్-ఇసెన్‌బుర్గు అను ఊరిలో దిక్కులేని బాలికలకు, తల్లులకు ఒక గృహము తెరచిరి. ఆ గృహము చాల చక్కగా నడచెను. ఆమె 1936 లో మరణించిరి. 1938 నవంబరులో యూదులపై దౌర్జన్యము చెలరేగినప్పుడు దానికి నిప్పు పెట్టిరి. 1942 లో మూసివేయించిరి. అచటివారిలో అనేకులను నిర్బంధ శిబిరములకు తరలించిరి. ఒక చిన్న సమాజము తనకొరకు కట్టుకొన్న ఇల్లు నిలుచుటకు దాని లోపలివారి శ్రద్ధ ఒక్కటియే చాలదు, ఇరుగుపొరుగువారి సహనము కూడ కావలెను. చెన్నపట్టణమున సభకు అట్టి ఇరుగుపొరుగు దొరికినది.

ఆ సహనమునకు పరీక్ష రాకపోలేదు. 1953 లో ఆంధ్ర రాష్ట్రము వేరుపడునప్పుడు చెన్నపట్టణము ఎవరిదను వివాదము ఎంత తీవ్రముగా జరిగినదో పెద్దలనడిగి తెలిసికొనుడు. ఆ నగరము తమిళుల పక్షమున నిలిచిపోయెను. ఆంధ్ర యను పేరు తలపై పెట్టుకొనిన సంస్థ అచట నుండవలెనా, మూటముల్లె సర్దుకొని పోవలెనా? సభ పోలేదు. అచటి శాఖలు అచటనే పెరిగెను. అడయారు ప్రాంతమున వైద్యశాల, పోలియో మొదలగు వ్యాధులచే కాలుసేతులు చచ్చుబడిన పిల్లలకు ఎముకల చికిత్సాకేంద్రము వెలసెను. తమిళ స్త్రీలు, తమిళ బిడ్డలు కూడ ఆ వాకిటికి వచ్చిరి. పేరు ఆంధ్రదైనను రోగి భాష ఏమని అడుగలేదు. అదే సమయమున హైదరాబాదులో విద్యానగరమున వేరొక పెద్ద శాఖ పెరిగి, వైద్యశాల, కళాశాలలు, వయోజన విద్యాకేంద్రము మొదలగునవి ఏర్పడెను.

తెలుగు బడి పిల్లలకు చెప్పవలసిన సంగతి ఇంకొకటి కలదు. రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఢిల్లీకి పోయిన దుర్గాబాయమ్మ, అచటి తెలుగు ఉద్యోగుల పిల్లలకు మాతృభాషలో చదువు లేకుండుట చూచి 1948 లో ఆంధ్ర విద్యా సంఘమును స్థాపించిరి. దాని పాఠశాలలలో చదివి పైకి వచ్చిన తెలుగు పిల్లలనేకులు. ఆమె పోయిన ప్రతి నగరమున ఒక తెలుగు వాకిలి తెరచుచునే యుండిరి. హిందీని ఊరూర ప్రచారము చేసినదియు ఆమెయే. తన భాషపై ప్రేమకు, ఇరుగుపొరుగు భాష నేర్చుకొనుటకు విరోధము కలదని ఆమె ఎన్నడును తలపలేదు. మన విద్యార్థులలో కన్నడ పాఠమనగానే ముఖము చిట్లించువారు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెనని మనవి.

రాజ్యాంగ సభలో ఆమె చేసిన పని గూర్చి సంక్షేపముగా చెప్పుదుము. అధ్యక్షులు లేనప్పుడు సభ నడుపుటకు నియమింపబడిన వారిలో స్త్రీ ఆమె యొక్కతెయే. అనేక సవరణలు ప్రతిపాదించిరి. రాజ్యసభ సభ్యత్వమునకు కనీస వయస్సు ముప్పదియైదు సంవత్సరములుండవలెనని ముసాయిదాలో నుండగా దానిని ముప్పదికి తగ్గించునట్లు చేసినది ఆమె సవరణయే. 1952 ఎన్నికలలో ఆమె పార్లమెంటునకు గెలువలేదు. ఈ సంగతిని జీవితచరిత్రకారులు తొందరగా దాటిపోవుదురు. ఓటమి రాకున్న ఆమె బహుశః మంత్రిపదవి పొందియుండెడివారేమో. అట్లు జరుగక ఆమె ప్రణాళికా సంఘ సభ్యురాలై, సాంఘిక సంక్షేమ శాఖ భారము వహించిరి. మన దృష్టిలో అదియే మేలయినది.

ప్రణాళికా సంఘమునకు వచ్చిన పిదప ఆమె గమనించినది ఇది. దేశమంతట వేలకొలది చిన్నచిన్న సేవాసంస్థలు కలవు. అనాథాశ్రమములు, వితంతు గృహములు, గ్రుడ్డివారి పాఠశాలలు. అన్నియు ఒకే విధముగా చందాలకై వాకిళ్లు తిరుగుచున్నవి. ఒక సంవత్సరము దాత మరణించినచో ఆ సంస్థయు మూతపడును. ప్రభుత్వమే వాటిని స్వాధీనము చేసికొనినచో వాటిలోని ఆప్యాయత ఎండిపోవును. కనుక ప్రభుత్వపు ధనము, ప్రజల సేవ రెండును కలియునట్టి మండలి యొకటి కావలెను. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా ఆమె దానికి తొలి అధ్యక్షురాలైరి. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయమునకు నాలుగుకోట్ల రూపాయలు కేటాయించిరి. చెన్నపట్టణమున వాకిళ్లు తిరిగి అలసిన కాళ్లు ఆమెవి. అందుచేతనే మండలి ధనము తెలియనివారి చేతికి కూడ చేరునట్లు గ్రామములవరకు శాఖలు పంపిరి.

ఆ మండలి 1958 లో పెద్దవయస్సు స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమను పథకమును ప్రారంభించెను. చదువు మధ్యలో నిలిచిన స్త్రీలను రెండేండ్లలో పరీక్షకు సిద్ధపరచుట దాని ఉద్దేశము. మైలాపూరు ఇంటిలో నడచిన తరగతియే దేశవ్యాప్తమైనదని చదువరులు గ్రహింతురు. ఆ పథకము క్రింద చదివి దాదులుగ, గ్రామసేవికలుగ, ఉపాధ్యాయినులుగ కుదురుకొన్నవారు ప్రతి రాష్ట్రమున కలరు. ఈ సంగతి చదివిన తరువాతనే మేము ఆ తల్లికి కబురంపితిమి. శనివారము మధ్యాహ్నము బడి విడిచిన పిదప ఒక గంట కూర్చుండుటకు ఆమె యొప్పుకొనెను. వచ్చునప్పుడు తనతో పనిచేయు మరి ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చెను. వారిలో ఒకతె కన్నడ స్త్రీ. తెలుగు పండితుడు కన్నడ అక్షరము నేర్పవచ్చునా యని మేము కొంత తటపటాయించితిమి. ఒత్తులు తప్ప తక్కినవి దాదాపు కలియునుగదా యని ఆమెయే ధైర్యము చెప్పినది. మా కన్నడ దస్తూరి చూచి ఎనిమిదవ తరగతి పిల్లలు నవ్విన మాట నిజమే.

మరల కథలోనికి వత్తుము. 1953 జనవరి 22 వ తేదీన దుర్గాబాయమ్మ, అప్పటి ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ దేశ్‌ముఖ్ గారిని వివాహమాడిరి. ఆయన భారతీయులలో రిజర్వు బ్యాంకునకు మొదటి గవర్నరు, సంస్కృత పండితుడు. మాతృభాష మరాఠీ. వివాహమునకు సాక్షి సంతకము చేసినవారిలో జవహర్‌లాల్ నెహ్రూ ఒకరు. ముప్పదియేండ్ల క్రిందట రెండణాల టిక్కెట్టు లేదని తన్ను ద్వారమున నిలిపిన బాలికయే యీమె యని ఆయనకు జ్ఞాపకము వచ్చియుండునా? వచ్చియుండుననియే మా నమ్మకము.

స్త్రీవిద్యపై ప్రభుత్వము 1958 లో నియమించిన జాతీయ సంఘమునకు ఆమె అధ్యక్షురాలు. మరుసటి సంవత్సరమే నివేదిక సమర్పించిరి. బాలుర చదువుకు, బాలికల చదువుకు నడుమ నున్న వెలితిని పూడ్చుటకు ప్రత్యేకముగా ధనము కేటాయింపవలెనని, ఉపాధ్యాయినులకు పల్లెలలో వసతి కల్పింపవలెనని ఆ నివేదిక సారము. గ్రుడ్డివారి సహాయసంఘము తరఫున పాఠశాలను, వారికి పని నేర్పు కర్మశాలను పెంపొందించిరి. సాంఘికాభివృద్ధి పరిశోధన కొరకు 1962 లో ఢిల్లీలో ఒక మండలిని స్థాపించిరి. ఢిల్లీలో శ్రీ వేంకటేశ్వర కళాశాల వెలయుటలోను ఆమె కృషి కలదు. నేడు ఆ కళాశాల సమీపమున నున్న మెట్రో రైలు స్థానమునకు ఆమె పేరే పెట్టియున్నారు. ప్రతిదినము అచట దిగు వేలమందిలో ఆ పేరుగల మనిషి ఎవరో ఎరిగినవారు కొలదిమందియే యుందురు.

చైనా దేశమునకు పోయినప్పుడు అచటి కుటుంబ న్యాయస్థానములను చూచి, భార్యాభర్తల తగవులను సామాన్య న్యాయస్థానముల జాప్యమునుండి తప్పించి, అట్టి ప్రత్యేక న్యాయస్థానములకు ఒప్పగింపవలెనని ఆమె తలచిరి. తిరిగివచ్చిన పిదప న్యాయమూర్తులతోను, నెహ్రూతోను చర్చించిరి. వేలూరు చెరసాలలో తాము చూచిన స్త్రీలు ఆమె మనస్సునుండి తొలగిపోలేదని దీనివలన తెలియుచున్నది. ఆ ఆలోచన చట్టమగుటకు చాలకాలము పట్టెను.

చివరి సంవత్సరములు దంపతులు హైదరాబాదున, సభ నీడలోనే గడపిరి. 1975 లో ఆమెకు పద్మవిభూషణ బిరుదము లభించెను. ఆరోగ్యము సన్నగిల్లినను సభ కథను తాము స్వయముగా గ్రంథముగా వ్రాసిరి. దానిలో కట్టడముల వెనుకనున్న ఒక్కొక్క రాతికి ఒక్కొక్క దాతను తలచుకొనిరి. ఆమె 1981 మే 9 వ తేదీన పరమపదించిరి. మరుసటి సంవత్సరము అక్టోబరులో దేశ్‌ముఖ్ గారు కూడ కాలధర్మము చెందిరి. కుటుంబ న్యాయస్థానముల చట్టమును పార్లమెంటు 1984 లో ఆమోదించెను. అప్పటికి ఆమె గతించి మూడేండ్లయ్యెను.